కొలిచి పోయని చదువు: జాన్ హోపు చరిత్రము

"ఆడుపిల్లకు చాకలిపద్దు వ్రాసికొనుటకు వలసినంత చదువు చాలును" అను మాట మన యిండ్లలో నొకకాలమున పెద్దల నోట తఱచుగా వినబడుచుండెడిది. ఆ మాట పలికినవారు దుర్మార్గులు కారు. బిడ్డలయందు ప్రేమ లేనివారును కారు. వారు చదువు బొత్తిగా వలదని యనలేదు, దానికొక కొలత వేసిరి. చదువే కూడదనువానితో వాదించుట సులభము. ఇంత చాలునని చెప్పువానితో వాదించుట కష్టము. ఏలయన, అతడు మేలుకోరువానివలె మాటలాడును. వినువారికిని అతని మాట న్యాయముగానే తోచును. ఆ కొలతపాత్ర యెవరి చేతిలో నున్నది, దానిని వారి చేతికెవరిచ్చిరి అని యడుగుట యెవరికోగాని తోపదు.

ఈ ప్రశ్నను తన జీవితమంతయు నడిగిన యొక కళాశాలాధ్యక్షుని చరిత్రమును పాఠకులకు విన్నవింపదలచితిమి. ఆయన పేరు జాన్ హోపు. అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున, జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరమున, నల్లజాతి యువకులకై వెలసిన యొక కళాశాలకు 1906 మొదలు 1931 వఱకు ఆయన యధ్యక్షుడుగా నుండెను. బుకర్ టి. వాషింగ్టను పేరు మనవారిలో పెక్కురెఱుగుదురు. ఆయన స్వీయచరిత్రమును చదివి కన్నీరు విడిచినవారును గలరు. హోపు పేరెఱిగినవారు మాత్రమరుదు. ఆయన గొప్ప గ్రంథములు వ్రాయలేదు. మహాసభలలో పేరుమోసిన వక్తయు గాడు. ఒక విద్యాలయమును నిలువబెట్టుటయే ఆయన చేసిన పని. అట్టి పని చేసినవారి పేరు విద్యాలయపు గోడలయందు నిలుచునుగాని, దేశాంతరములకు పోవుట కష్టము.

హోపు 1868 జూను 2వ తేదీన జార్జియాలోని ఆగస్టా పట్టణమున జన్మించెను. అమెరికాలో బానిసత్వము రద్దయి అప్పటికి మూడేండ్లు కూడ నిండలేదు. తండ్రి జేమ్స్ హోపు స్కాట్లాండునుండి వచ్చి స్థిరపడిన తెల్ల వర్తకుడు. తల్లి మేరీ ఫ్రాన్సిస్ నల్లజాతి స్త్రీ. తెల్లవారికిని నల్లవారికిని నడుమ వివాహమును జార్జియా చట్టమంగీకరింపదు గనుక వారు పెండ్లి లేకయే భార్యాభర్తలుగా కాపురము చేసిరి. 1876లో తండ్రి మరణించెను. ఆయన తన కుటుంబమునకు సొత్తు చెందునట్లు ఏర్పాటు చేసియే పోయెను. కాని యా యేర్పాటును నడపవలసినవారు నడపలేదు. ఎనిమిదేండ్ల బాలుడు ఒక్కనాటితో కలిమినుండి లేమికి జాఱెను. ఎనిమిదవ తరగతితో చదువు నిలిచిపోగా, ఆగస్టాలోని యొక భోజనశాలలో అయిదేండ్లు కొలువు చేసి యింటిని పోషించెను.

లోకము చూపిన కొలత ప్రకారమైనచో హోపు చదువు అంతటితో ముగిసినట్లే. భోజనశాలలో లెక్కలు చూచికొనుటకు ఆ చదువు చాలును. అయినను ఆయన 1886లో ఉత్తరదేశమునకు పోయి, మాసచూసెట్సు రాష్ట్రములోని వూస్టరు అకాడమీలో చేరెను. అప్పటికి పదునెనిమిదేండ్లు. ఆ వయస్సున తనకన్న చిన్నవారి నడుమ కూర్చుండి పాఠములు వల్లెవేయుట యెంత సిగ్గు కలిగించునో, ఆలస్యముగా చదువు మొదలిడినవారికే తెలియును. 1890లో ఆ పాఠశాల ముగించి బ్రౌను విశ్వవిద్యాలయమున ప్రవేశించి, వడ్డనపని మొదలైనవి చేసికొనుచు ఖర్చులు గడుపుకొని, 1894లో పట్టభద్రుడయ్యెను. సహాధ్యాయులలో నత్యధికులు తెల్లవారు. పట్టప్రదానసమయమున తమ తరగతి పక్షమున నుపన్యసించు గౌరవమును వారాయనకే యిచ్చిరి.

ఇచ్చట హోపు రూపమును గూర్చి యొకమాట చెప్పవలెను. ఆయన శరీరచ్ఛాయ తెల్లవారిది; కన్నులు నీలివి. ఎఱుగనివారు చూచినచో తెల్లవాడనియే తలచెదరు. కాని యా దేశాచారము ప్రకారము పూర్వులలో నల్లరక్తపు బొట్టు కొంచెమున్నను మనుష్యుడు నల్లవాడే. మన దేశమున జాతి పుట్టుకతో వచ్చి చచ్చిన తరువాత గాని వదలనట్లే, అచ్చటను వర్ణము కంటికి కనబడు రంగును గాక వంశమును పట్టి నిర్ణయింపబడుచుండెను. అట్లు తెల్లగా పుట్టినవారిలో కొందఱు ఊరు విడిచి, బంధువులను మఱచి, దూరదేశమున తెల్లవారిలో కలిసిపోవుచుండిరి. హోపునకు ఉత్తరదేశమున చదువు, స్నేహితులు, గౌరవము నన్నియు లభించినవి. మౌనముగా నుండినచాలును, ఆయనకు తలుపులన్నియు తెఱచుకొనియుండును. 1891లోనే జార్జియా రాష్ట్రము రైలుబండ్లలో నల్లవారికి వేరు పెట్టెలు విధించెను. ఆ సంగతి తెలిసియు ఆయన దక్షిణదేశమునకే తిరిగివచ్చెను. మేము చదివిన మహనీయుల చరిత్రములలో అందని గౌరవమునకై పోరాడినవారు పెక్కురు కలరు. చేతికందిన గౌరవమును వదలి, తనవారు నిలిచిన వరుసలో పోయి నిలిచినవారు కొలదిమందియే.

1894లో ఆయన టెనెస్సీ రాష్ట్రములోని నాష్‌విల్ పట్టణమున నల్లవారి విద్యాలయమగు రోజరు విలియమ్సు విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుడయ్యెను. మఱుసటియేడు, అనగా 1895 సెప్టెంబరు 18వ తేదీన, అట్లాంటా ప్రదర్శనశాలలో బుకర్ వాషింగ్టను చేసిన యుపన్యాసము అమెరికా యంతట మాఱుమ్రోగెను. వాషింగ్టను బానిసగా పుట్టినవాడు. టస్కీగీలో 1881 మొదలు వేలకొలది పేదపిల్లలకు ఇటుకలు కాల్చుట, వడ్రంగము, సేద్యము నేర్పి అన్నముపెట్టిన మహోపకారి. ఆయన యా దినమున చెప్పినదాని సారమిది: నల్లవారు ముందు చేతిపనులు నేర్చి, సొత్తు కూర్చుకొని, నమ్మకము సంపాదించుకొనవలెను, సమానత్వమును గూర్చిన రచ్చ తొందరపాటు. తెల్లవారు చప్పట్లు చఱచిరి. ధనవంతులు విరాళములిచ్చిరి. ఆ సభలో నుపన్యాసము విన్నవారిలో హోపు నొకడు.

ఆయన వెంటనే మాటాడలేదు. 1896 ఫిబ్రవరి 22వ తేదీన నాష్‌విల్‌లో నొక వాదసభ యెదుట లేచి, ఇరువదియేడేండ్ల ఆ యుపాధ్యాయుడు తన యభిప్రాయమును దాపఱికము లేక వెల్లడించెను. సమానత్వమును కోరనిచో మనము బ్రతికి ప్రయోజనమేమి? రాజకీయముగాను, ఆర్థికముగాను, సాంఘికముగాను గూడ సమానత్వము కావలెను. అందులో నేదియు వాయిదా వేయదగినది గాదు. ఇదియే ఆ యుపన్యాసపు సారము. మూడునెలలు తిరుగకముందే, మే 18వ తేదీన, అమెరికా యత్యున్నతన్యాయస్థానము నల్లవారికి వేరు రైలుపెట్టెలు పెట్టుట ధర్మమేయని తీర్పు చెప్పెను. "వేరైనను సమానమే" యను సూత్రమున కా తీర్పు ఆధారమయ్యెను. అది యేబదియెనిమిదేండ్లు, అనగా 1954 వఱకు, అమెరికా పాఠశాలల నేలెను. కాలమంతయు వాషింగ్టను పక్షమున నున్నట్లు తోచిన సమయమున హోపు ఎదురుపక్షమున నిలిచెను.

చేతిపనుల యెడ హోపునకు చులకనభావమున్నదని యెవరును తలపరాదు. కొలువుచేసి కడుపు నింపుకొన్నవానికి చేతిపని విలువ పుస్తకములవలన తెలియనక్కఱలేదు. వడ్రంగము నేర్పవలదని ఆయన యనలేదు. వడ్రంగి కొడుకు గ్రీకుభాష చదువదలచినచో, నీకేలయని యడుగు నధికారమెవరికి గలదనియే ఆయన ప్రశ్న. తెల్లవారి పిల్లలలో నెవడు సేద్యమునకు పోవలెను, ఎవడు న్యాయవాది కావలెను అని ఊరివారు సభచేసి తీర్మానింపరు. పిల్లవాడు చదువుచు పోయినకొలది వాని శక్తియు నభిరుచియు తేలును. నల్లవాని విషయమున మాత్రము జాతియంతటికిని నొక్క కొలతయే వేసి, ఆ కొలతకు మించి యడుగువానిని అహంకారి యనుట న్యాయమా?

1897 డిసెంబరులో హోపు లూజీనియా బర్న్సు అను యువతిని వివాహమాడెను. ఆమె షికాగోలో పెరిగినది. అచ్చటి పేదలసేవాసంఘములలో పనిచేసి అనుభవము గడించినది. 1898లో దంపతులిరువురు అట్లాంటాకు వచ్చిరి. హోపు అట్లాంటా బాప్టిస్టు కళాశాలలో గ్రీకు లాటిను భాషల నుపాధ్యాయుడయ్యెను. ఆ విద్యాలయము 1867లో హోపు పుట్టినయూరగు ఆగస్టాలోనే యొక చర్చిలో మొదలై, 1879లో అట్లాంటాకు తరలివచ్చినది. చేరువనే అట్లాంటా విశ్వవిద్యాలయమున డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ పండితుడు బోధించుచుండెను. ఇద్దఱికిని నొకటే యీడు, ఒకటే పట్టుదల. ఆ మైత్రి హోపు మరణించువఱకు నిలిచినది.

1906లో హోపు కళాశాలాధ్యక్షుడుగా నియమింపబడెను. అంతకుముందు ఆ పీఠముననున్నవారందఱు తెల్లవారే. ఆ దేశమున కళాశాలాధ్యక్షుడనగా మన ప్రిన్సిపాలు వంటివాడు మాత్రమే కాడు. ఉపాధ్యాయులను వెదకి తెచ్చుట, ధర్మకర్తల సభకు సమాధానము చెప్పుట, కట్టడములు లేపుట ఆయన పనియే. అన్నిటికన్న ముఖ్యమైనది విరాళములకై ఉత్తరదేశపు ధనవంతుల గుమ్మములు త్రొక్కుట. హోపు కళాశాలకు ధర్మకర్తలు తెల్లవారు. ధనమిచ్చు బాప్టిస్టు సంఘము తెల్లవారిది. తెల్లవారికి నచ్చని మాటలాడిన నల్ల యధ్యక్షునకు రెండు విధముల ముప్పు: పదవికిని ముప్పే, పాఠశాలకును ముప్పే.

ఆ యేడు ఆగస్టులో హార్పర్సు ఫెర్రీ యను చోట నయాగరా ఉద్యమసభ కూడెను. నల్లవారికి సంపూర్ణ పౌరహక్కులు కావలెనని డుబోయిస్ ప్రభృతులు నడపిన సంఘమది. వచ్చినచో విరాళములు పోవునని తెలిసి కళాశాలాధ్యక్షులెవరును రాలేదు, హోపొక్కడు వచ్చెను. నెలతిరిగినంతనే సెప్టెంబరు 22వ తేదీ రాత్రి అట్లాంటాలో ఘోరము జరిగెను. నల్లవారు తెల్లస్త్రీలపై దాడులు చేసిరని పత్రికలు ఆధారము లేని వార్తలు వరుసగా ప్రకటింపగా, వేలకొలది తెల్లవారు గుంపులుగూడి వీథులలో కనబడిన నల్లవారినెల్ల కొట్టిరి, చంపిరి. ఇరువదియైదుగురకు తక్కువగాక నల్లవారు ప్రాణములు గోల్పోయిరి. పదవి స్వీకరించిన కొన్ని నెలలకే హోపు చూచిన దృశ్యమిది. చేతిపని నేర్చి, సొత్తు గూర్చి, నమ్మకము సంపాదించినచో తెల్లవారు గౌరవింతురను సిద్ధాంతమున కా రాత్రి సమాధానము చెప్పినది. ఆ గుంపు పగులగొట్టిన యంగళ్లలో నల్లవారు కష్టించి నిలువబెట్టుకొన్న క్షౌరశాలలును గలవు.

1908లో మఱియొక విచిత్రము జరిగెను. జార్జియా రాష్ట్రము తన శాసనమును సవరించి, వోటు కావలసినవాడు చదువ వ్రాయ నేర్వవలెననియు, లేదా సొత్తు కలిగియుండవలెననియు నియమములు పెట్టెను. పూర్వులు యుద్ధములలో పనిచేసినవారని చెప్పుకొను తెల్లవారికి వేఱుదారి విడిచిరి. వలఱేని యుక్తి వంటిదీ యేర్పాటు: నల్లవానికి చదువు తక్కువ చాలునన్నవారే, చదువు తక్కువైనదని వాని వోటు తీసికొనిరి. అట్లాంటా నగరమున తెల్లపిల్లలకు సర్కారు ఉన్నతపాఠశాలలుండెను. నల్లపిల్లలకు 1924 వఱకు ఒక్కటియు లేదు. ఉన్నతవిద్య కోరు నల్లపిల్లవాడు హోపు కళాశాల వంటి చోట్ల నడిచెడి ఉన్నతపాఠశాలాశాఖలలో చేరవలసినదే. అందుచేత పేరునకు కళాశాల యైనను, అందులో క్రిందితరగతుల పిల్లలే హెచ్చు. గ్రీకువ్యాకరణము చెప్పు గది ప్రక్కగదిలో భిన్నముల లెక్కలు నడుచుచుండెడివి.

ఇక హోపు జీవితమున మమ్ము మిక్కిలి ఆలోచింపజేసిన ఘట్టమును చెప్పెదము. కళాశాలకు కట్టడములు కావలసివచ్చెను. ఉక్కువర్తకుడగు ఆండ్రూ కార్నెగీ గొప్ప దాత; కాని నల్లవారి విద్యాలయములకు దానము చేయునపుడు ఆయన బుకర్ వాషింగ్టను మాట నడుగుచుండెను. ఎవని సిద్ధాంతమును హోపు బహిరంగముగా నెదిరించెనో, వాని సిఫారసే యిప్పుడు కావలెను. హోపు దాని నంగీకరించెను. వాషింగ్టను కూడ పెద్దమనసుతో సహాయము చేసెను. ధనము వచ్చినది, డుబోయిస్ మనసు నొచ్చినది. 1910 జనవరిలో హోపు మిత్రునకొక యుత్తరము వ్రాసి, నన్ను ద్రోహిగా నెంచితివా, మన స్నేహము నిలిచియున్నదా యని సూటిగా నడిగెను. ఆ దారి అపాయకరమైనదని తనకు తోచినమాట నిజమేయనియు, స్నేహము మాత్రము చెడలేదనియు డుబోయిస్ ప్రత్యుత్తరమిచ్చెను.

ఇందు తప్పెవరిది? కొంగు చాపకుండ ధర్మకార్యమును నడపినవారెవరును లేరు. మన దేశమునందు బడులు, అనాథశరణాలయములు, గ్రంథాలయములు నిలిపినవారికిని జమీందారుల లోగిళ్లలో నిలువక తప్పలేదు. కలము పట్టినవాడు ఒంటరివాడు. తన మాటకు తానొక్కడే మూల్యము చెల్లించుకొనును. విద్యాలయము నడపువాడు మాటాడినపుడు వందలమంది పిల్లలు దానికి మూల్యము చెల్లింతురు. అయినచో ప్రతి యవమానమును పిల్లల పేరు చెప్పి దిగమ్రింగవచ్చునా? హోపు గీచుకొన్న గీత మాకిట్లు తోచుచున్నది. సహాయమెవరివద్దనైన పుచ్చుకొనెను, కాని పుచ్చుకొన్నదానికి మాఱుగా పాఠ్యక్రమమును తగ్గింపలేదు. గ్రీకు, లాటిను, గణితము, ప్రకృతిశాస్త్రములు మునుపటివలెనే నడచినవి. హక్కుల సంఘములనుండి తన పేరు తీసివేయలేదు. తానుచేసిన పని తప్పేమోయని మిత్రుని ముందు తానే ప్రశ్న పెట్టెను. రాజీపడుటకన్న, రాజీపడి దానిని రాజీయని తలపకుండుట చెడ్డది. హోపు ఆ రెండవదోషమునకు లోబడలేదు.

1913లో కళాశాలకు మోర్‌హౌస్ కళాశాలయని పేరు మార్చిరి. హెన్రీ మోర్‌హౌస్ అను నాయన ఆ కళాశాలను పోషించిన బాప్టిస్టు సంఘమున కార్యదర్శి. జాతిలో పదింట నొకడైనను ఉన్నతవిద్య పొంది తక్కిన తొమ్మండుగురకు దారిచూపవలెనని 1896లో వ్రాసినవాడాయనయే. ఆ మాటను తరువాత డుబోయిస్ ప్రసిద్ధము చేసెను. ఉద్దేశము మంచిదే. కాని సూక్ష్మముగా చూచినచో పదింట నొకడనుటయు నొక కొలతయే. తొమ్మండుగురి గతి యేమి?

ఆ ప్రశ్నకు సమాధానము కళాశాలలోనుండి గాక హోపుగారి యింటినుండి వచ్చెను. కళాశాల చుట్టునున్న పేటలో నొక యువతి జబ్బుపడి, పలుకరించు దిక్కులేక మరణించెను. ప్రక్కయింటివారికి సైతము తెలియలేదు. ఈ సంగతి లూజీనియాను కలచివేసెను. 1908లో ఆమె పేటలోని స్త్రీలను తన యింట సమావేశపఱచి "ఇరుగుపొరుగు సంఘము" స్థాపించెను. నగరమునందలి నల్లవారి పేటలను భాగములుగా విభజించి, భాగమునకు కొందఱు స్త్రీలను నియమించి, ఇల్లిల్లు తిరిగి రోగులెవరు, బడికిపోని పిల్లలెవరు, నీరెట్లువచ్చును, మురుగెట్లు పోవును అని విచారించిరి. కళాశాల యావరణమున పిల్లలకు ఆటస్థలమేర్పఱచిరి, వైద్యశాల నడపిరి, క్షయరోగమును గూర్చి బోధించిరి. 1913లో నల్లపిల్లల పాఠశాలలను స్వయముగా పరీక్షించి, ఒకే యుపాధ్యాయురాలు ప్రొద్దున నొక జట్టునకు, మధ్యాహ్నమొక జట్టునకు పాఠము చెప్పుట మొదలైన యక్రమములను వ్రాసి నగరాధికారుల యెదుట పెట్టిరి. అధికారులు కదలినది కొంచెమే. కాని యా లెక్కలు నిలిచినవి. తరువాతివారి చేతికి ఆయుధములైనవి.

ఆ యాయుధములు ఫలించిన తీరు విన దగినది. ప్రాథమిక ఎన్నికలనుండి నల్లవారిని తొలగించినను, నగరము ఋణము తీసికొనుటకు జరుపు ప్రత్యేకపు వోటింగులో పేరున్న నల్లవారు వోటు వేయవచ్చును. ఋణము తీసికొని పాఠశాలలు కట్టుదమని 1919లో నగరము వోటు కోరగా, తమ పిల్లలకందులో న్యాయమైన పాలు లేదని నల్లపౌరులు దానిని కట్టుగా వీగగొట్టిరి. 1921లో తమకు పాలు చెప్పిన పిమ్మటనే అంగీకరించిరి. 1924లో నగరమున నల్లపిల్లలకు మొదటి సర్కారు ఉన్నతపాఠశాల తెఱవబడెను. దానికి బుకర్ వాషింగ్టను పేరే పెట్టిరి. వాషింగ్టను పేరుగల బడిని, వాషింగ్టను వలదన్న రచ్చచేసి తెచ్చుకొనిరి. చరిత్రము ఇట్టి వింతలు చేయుచుండును.

మొదటి ప్రపంచయుద్ధమున నల్లసైనికులు రమారమి రెండులక్షలమంది ఫ్రాన్సునకు పోయిరి. వారిలో నెక్కువమందికి తుపాకులకు మాఱుగ పలుగుపారలును, ఓడలనుండి దింపు మూటలును దక్కినవి. 1918, 1919 సంవత్సరములలో హోపు వై. ఎం. సి. ఏ. పక్షమున అచ్చటికి పోయి ఆ సైనికుల కష్టసుఖములు విచారించెను. తిరిగివచ్చిన వేసవిలోనే అమెరికా పట్టణములలో నల్లవారిపై అల్లరులు చెలరేగెను. ఏబదియేండ్ల హోపు నిరాశచెందినను తన పని విడువలేదు. ఉభయజాతులవారు కూర్చుండి మాటలాడుటకు దక్షిణదేశమున నేర్పడిన సహకారసంఘమునను పనిచేసెను. మంచి యుపాధ్యాయులను వెదకుటయు మానలేదు. 1921లో ఆయన గణితము చెప్పుటకై పిలిచితెచ్చిన యువకుడు బెంజమిన్ మేస్. ఆ మేస్ తల్లిదండ్రులు బానిసలుగా పుట్టినవారు.

కొలతను గూర్చి హోపు భావమెట్టిదో యొక చిన్న సంగతివలన తెలియును. 1926 ప్రాంతమున పల్లెనుండి వచ్చిన యొక యువకుడు కళాశాలలో చేరగోరి, ప్రవేశపరీక్షలలో తప్పెను. వయస్సు మీఱినది; చదివిన చదువు కొంచెము. చేర్చుకొనువారు నీవిచ్చటికి పనికిరావని పంపివేసిరి. అతడు కోపమునను దుఃఖమునను నేరుగా అధ్యక్షుని గదిలోనికి చొచ్చుకొనిపోయి, పరీక్షలో తప్పినమాట నిజమేగాని, పట్టుదలతో చదువగలనని చెప్పి బయటికి వచ్చెను. కొంతసేపటికి హోపు అతనిని వెనుకకు పిలిపించి యొక చీటి యిచ్చెను. చేర్చుకొని చూడుడని యందు సారాంశము. ఆ యువకుడు 1930లో పట్టము పుచ్చుకొనెను. ఈ సంగతి అతడే తన స్వీయచరిత్రమున చెప్పుకొన్నాడు. అతడు మార్టిన్ లూథర్ కింగు. లోకమెఱిగిన కింగునకు తండ్రి. ఎనిమిదవ తరగతితో నిలిచిపోయి పదునెనిమిదవయేట మరల బడిలో కూర్చున్న హోపునకు ఆ యువకుని ముఖమున తన ముఖమే కనబడియుండునని మా యూహ.

1929 ఏప్రిలు 1వ తేదీన ఆయన జీవితమునందలి పెద్దపని సమకూడెను. స్పెల్మన్ కళాశాల స్త్రీలది, మోర్‌హౌస్ పురుషులది, ఈ రెండింటిని 1865లో స్థాపితమైన అట్లాంటా విశ్వవిద్యాలయముతో నొక యొడంబడికచే కలిపిరి. విశ్వవిద్యాలయము ఇకమీదట పట్టభద్రులకు పైచదువులు మాత్రమే చెప్పవలెననియు, కళాశాలలు తమ తమ పేర్లతో నడువవలెననియు నిర్ణయించిరి. ప్రక్కప్రక్కనే యుండి వేరువేరుగా పేదఱికమనుభవించుటకన్న పుస్తకములను, పండితులను పంచుకొనుట మేలని హోపు చిరకాలముగా తలచుచుండెను. ఆయన విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. 1932లో అందఱకు నొక్క గొప్ప గ్రంథాలయము వెలసెను. 1934లో ఆయన పిలుపున డుబోయిస్ సాంఘికశాస్త్రశాఖకు పెద్దయై మరల అట్లాంటాకు వచ్చెను. 1910 నాటి యుత్తరమున కిది చక్కని ముగింపు. ఆ యేడే కళాశాలల చెంతనున్న మురికిపేటను పడగొట్టి పేదలకు ప్రభుత్వము ఇండ్లు కట్ట మొదలిడెను. దానికి పాటుపడిన సంఘమునకు హోపే పెద్ద. ఆ యిండ్లు 1937లో పూర్తియైనవి. ఆయన వానిని చూడలేదు. 1936 ఫిబ్రవరి 20వ తేదీన ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసెను. విశ్వవిద్యాలయపు ఆవరణముననే ఆయనను పూడ్చిరి.

హోపు తెచ్చిన మేస్ 1936, 37 సంవత్సరముల సంధికాలమున మన దేశమునకు వచ్చి, వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి అహింసను గూర్చి ప్రశ్నించెను. 1940లో మోర్‌హౌస్ కధ్యక్షుడయ్యెను. 1944లో నచ్చట చేరి 1948లో పట్టము పుచ్చుకొన్న విద్యార్థి చిన్న కింగు. ఆ కింగు 1959లో మన దేశమునకు వచ్చినపుడు, కేరళమున నంటరానివారనబడినవారి పిల్లలు చదువు నొక పాఠశాలలో, ఆ బడిపెద్ద ఆయనను అమెరికానుండి వచ్చిన మీవంటి యంటరానివాడని పిల్లలకు పరిచయము చేసెను. తనకు మొదట చివుక్కుమన్నదనియు, పిమ్మట ఆ మాట నిజమేయని తోచినదనియు కింగు తరువాత చెప్పెను. పెద్ద కింగునకు హోపు ఇచ్చిన చీటి అంతదూరము ప్రయాణము చేసినది.

మేము పాఠశాలలో పనిచేయువారము. ఉపాధ్యాయులు తీరికగా కూర్చున్నవేళ, "వానియింట నింతవఱకెవరు చదివిరి? ఏదైన చేతిపని నేర్పించినచో బ్రతుకును" అను మాట నేడును విందుము. ఆ మాట మేమును లోగడ నొకటిరెండుమారులన్నాము. దయతోనే యన్నాము. హోపు చరిత్రము చదివినపిమ్మట ఆ పిల్లల ముఖములు జ్ఞప్తికి వచ్చి మనసు చివుక్కుమనుచున్నది. పరీక్షలో తప్పిన పిల్లవాడు గది తలుపు త్రోసికొని లోనికి వచ్చునంత ధైర్యము కలవాడైనచో సరే. తలవంచుకొని యింటికి పోయినవాడెన్నడును తిరిగిరాడు. వానిని వెనుకకు పిలుచుటకు మన చేతనొక చీటి యుండవలెను.